ఫోల్డరు ఆలస్యంగా తెరుచుకుంటే కార్యదర్శి ఏం చేయాలి?

(సంఘాల కార్యదర్శులకు పాఠం)

పటాన్‌చెరు చుట్టుపక్కల ఒక పాల సంఘం ఉందనుకుందాం. అది పక్షం బిల్లు పంచే రోజు. పొద్దున్నే పాలు పోసి, ఫ్యాక్టరీ షిఫ్టుకు వెళ్లవలసిన ఒక సభ్యుడు వచ్చి, "పదకొండో తారీకు సాయంత్రం నాకు వెన్న శాతం తక్కువ పడింది. ఆ చీటీ చూపించండి సార్" అని అడిగాడు. కార్యదర్శి కంప్యూటరులో చీటీల ఫోల్డరు నొక్కాడు. పైన ఆకుపచ్చ గీత మెల్లగా పాకుతున్నది గాని ఫైళ్లు కనబడలేదు. బస్సు వేళ అయింది, సభ్యుడు వెళ్లిపోయాడు. అతని సందేహం తీరలేదు. సంఘం లెక్క మీద నమ్మకం సడలడానికి ఇలాంటి ఉదయాలు నాలుగు చాలు.

ఇలా జరిగినప్పుడు కంప్యూటరు పాతబడిందని, కొత్తది కొనాలని తీర్మానం చేసే ముందు ఈ పాఠంలోని పనులు చేసి చూడండి. వీటికి పైసా ఖర్చు లేదు.

ఆలస్యానికి కారణం

100 మంది సభ్యులు రెండు పూటలా పాలు పోస్తే రోజుకు 200 చీటీలు. ఒక్కొక్క చీటీ ఒక ఫైలుగా దాస్తే ఏడాదికి 73,000 ఫైళ్లు. ఇవన్నీ ఒకే ఫోల్డరులో ఉంటే, అది తెరిచిన ప్రతిసారీ కంప్యూటరు మొత్తం జాబితా తయారు చేసి వరుసలో పేర్చాలి. పైగా ఆ ఫోల్డరును బొమ్మల ఫోల్డరుగా భావిస్తే, ఫోటో తీసిన తేదీ వంటి వివరాల కోసం ఫైళ్ల లోపలికి వెళ్లి చదువుతుంది. ప్రతి ఫైలుకు చిన్న బొమ్మ కూడా తయారు చేస్తుంది. మనకు కావలసింది ఒక్క చీటీ, అది చేసేది వేల చీటీల పని.

మన పటాన్‌చెరులోనే 1972లో ఏర్పడిన ఇక్రిశాట్ సంస్థ ఉంది. దాని విత్తన నిధిలో జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుశనగ మొదలైన పంటల నమూనాలు లక్షకు పైగా ఉన్నాయి. ప్రతి నమూనాకు ఒక నంబరు ఉంటుంది. అన్నిటినీ కుప్ప పోస్తే కావలసిన గింజ దొరుకుతుందా? మన చీటీలకూ అలాంటి క్రమమే కావాలి.

వెంటనే చేయవలసినవి (విండోస్ 7, 10, 11 లలో)

1. ఫోల్డరు మీద మౌసు కుడి బటను నొక్కి 'ప్రాపర్టీస్', అందులో 'కస్టమైజ్' తెరవండి. 'ఆప్టిమైజ్ దిస్ ఫోల్డర్ ఫర్' అన్నచోట 'జనరల్ ఐటెమ్స్' ఎంచుకోండి. లోపలి ఫోల్డర్లకు కూడా వర్తించే గడిలో టిక్కు పెట్టి 'ఓకే' నొక్కండి.

2. ఫోల్డరు తెరిచి, 'వ్యూ'లో 'డీటెయిల్స్' ఎంచుకోండి. పెద్ద బొమ్మలుగా చూపే పద్ధతి చీటీలకు అవసరం లేదు.

3. 'డౌన్‌లోడ్స్' ఫోల్డరు ఆలస్యం చేస్తుంటే, 'గ్రూప్ బై'లో 'నన్' పెట్టండి.

4. పశువుల బీమా కోసం తీసిన ఫోటోలను వేరే ఫోల్డరులో ఉంచండి. వాటిని చీటీలతో కలపవద్దు.

శాశ్వతమైన ఉపాయం

సంవత్సరానికి ఒక ఫోల్డరు, దానిలో నెలకు ఒకటి, నెలలో పక్షానికి ఒకటి పెట్టండి. అప్పుడు ఒక ఫోల్డరులో సుమారు 3,000 చీటీలే ఉంటాయి. ఫైలు పేరు సంవత్సరం, నెల, తేదీ, పూట, సభ్యుని నంబరు వరుసలో ఉండాలి. ఉదాహరణకు 2025-06-11-2-047 అంటే జూన్ 11 సాయంత్రం, 47వ సభ్యుడు. పేరు వరుసలో పెడితే తేదీ వరుస దానంతట అదే వస్తుంది.

పెన్‌డ్రైవుతో జాగ్రత్త

32 జీబీ వరకు ఉన్న పెన్‌డ్రైవులు తరచుగా ఫ్యాట్32 పద్ధతిలో ఉంటాయి. ఇందులో ఒక ఫోల్డరుకు 65,536 గళ్లే ఉంటాయి. పొడవైన పేరు ఒకటికి మించి గళ్లు తీసుకుంటుంది. పైన చెప్పిన పేరుకు 3 గళ్లు కావాలి. అంటే ఒకే ఫోల్డరులో సుమారు 21,800 చీటీలు మాత్రమే పడతాయి. మన సంఘానికి అది నాలుగు నెలలకు కూడా చాలదు. పెన్‌డ్రైవులో చోటు ఉన్నా కాపీ ఆగిపోతుంది. ఆడిట్ ముందు రోజు ఇది తెలిస్తే చిక్కే. పక్షం వారీగా ఫోల్డర్లు ఉంటే ఈ బెడద ఉండదు.

మరువరానివి

త్వరగా తెరుచుకోవాలని పాత చీటీలు తుడిచివేయకండి. సభ్యుని ఫిర్యాదుకు అదే సాక్ష్యం. ఫైళ్లను ముందుగా కాపీ చేసి, రెండు చోట్లా ఫైళ్ల సంఖ్య సరిచూసి, ఆ తర్వాతే పాత చోటు ఖాళీ చేయండి. పాల సేకరణ ప్రోగ్రాం తన లెక్కలు దాచుకునే ఫోల్డరును మాత్రం కదపవద్దు. కదిపితే ప్రోగ్రాం తెరుచుకోకపోవచ్చు.

అభ్యాసం

మీ సంఘం చీటీల ఫోల్డరులో ఎన్ని ఫైళ్లున్నాయో ప్రాపర్టీస్‌లో చూసి రాసుకోండి. పై పనులు చేశాక, ఒక సభ్యుని ఒక పూట చీటీ తీయడానికి ఎంతసేపు పట్టిందో గడియారం పెట్టి చూడండి. పాలు పోసి పనికి వెళ్లే సభ్యుడు కిటికీ దగ్గర నిలబడి ఉండగానే చీటీ చేతికి ఇవ్వగలిగితే పాఠం వంటబట్టినట్లే.