వజూ నీటితో కూరగాయల తోట



2019–20లో మన రాష్ట్రంలో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏళ్ల స్త్రీలలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. కూలికి పోయే ఇంట్లో డబ్బు తగ్గితే ముందుగా తగ్గేది కూర. ఆకుకూరలు తిన్నంత మాత్రాన రక్తహీనత పోదు, డాక్టరు ఇచ్చే మాత్రలు మానకూడదు. కానీ రోజూ కంచంలో కూర ఉండడం ఆరోగ్యానికి పునాది. అందుకే మస్జిద్ పక్కనో, మదరసా ఆవరణలోనో కుటుంబాలు కలిసి పెంచుకునే తోట మంచి సదఖా.

నీటి లెక్క

కర్నూలు, కడప జిల్లాల్లో ఏటా కురిసేది సుమారు 600–700 మిల్లీమీటర్ల వాన. అదీ కొద్ది నెలల్లోనే కురుస్తుంది. కాబట్టి స్థలం ఎంత ఉందో కొలిచే ముందు ఎండాకాలంలో దొరికే నీటిని కొలవాలి.

మస్జిద్‌లో ఆ నీరు రోజూ కాలువలోకి పోతూనే ఉంది. పూటకు 20 మంది, తలా 3 లీటర్లతో వజూ చేస్తే ఐదు పూటలకు 300 లీటర్లు. ఎండాకాలంలో కూరమడికి చదరపు మీటరుకు రోజూ సుమారు 5 లీటర్లు కావాలనుకుంటే, ఆ నీటితో 60 చదరపు మీటర్లు, అంటే సెంటున్నర నేల తడుస్తుంది. సబ్బు కలవని నీరు గనుక ఒక తొట్టిలో తేటపరచి మళ్లకు మళ్లిస్తే చాలు. మీ మస్జిద్‌లో వారం రోజులు కొలిచి, వచ్చిన లెక్క ప్రకారమే తోట వేయండి.

మళ్లు, విత్తనాలు

మే నెలలో మేకలు దూరకుండా కంచె వేసి, నేల తవ్వి, బాగా మాగిన పశువుల ఎరువు కలపాలి. మడి వెడల్పు ఒక మీటరుంటే ఇరువైపుల నుంచీ చేయి అందుతుంది. ఎర్రనేలలో మళ్లు కాస్త లోతుగా ఉంటే నీరు నిలుస్తుంది. నల్లరేగడిలో వానకు వేర్లు కుళ్లకుండా ఎత్తుగా కట్టాలి. పైన వేరుశనగ పొట్టు పరిస్తే తడి ఆరదు.

తొలకరికి బెండ, గోరుచిక్కుడు, అలసంద, గోంగూర విత్తాలి. వంగ నారు పోసుకోవాలి. బీర, కాకర పందిరికి పాకించాలి. తోటకూర నెలలోపే కోతకొస్తుంది గనుక పదిహేను రోజులకొకసారి కొద్దికొద్దిగా చల్లుకోవాలి. పడమటి గట్టున మునగ, కరివేపాకు నాటితే సాయంత్రపు ఎండ మళ్ల మీద పడదు. మార్చి నుంచి సగం మళ్లు ఖాళీ పెట్టి, ఉన్న నీటితో మిగతా సగాన్ని కాపాడుకోవాలి.

కుటుంబానికొక మడి

అందరిదీ అన్న తోటకు నీళ్లు పోసేవారుండరు. 60 చదరపు మీటర్లను ఆరు కుటుంబాలకు తలా పది చొప్పున పంచి, ప్రతి మడికీ ఒక ఇంటి బాధ్యత పెట్టాలి. పండుగకు ఊరెళ్తే ఎవరు చూడాలో ముందే రాసుకోవాలి. పెద్దలు తవ్వితే, నానమ్మలు ముదురు కాయ చూసి విత్తనం దాస్తారు. పిల్లలు పోసిన నీరు, కోసిన కూర నోటుపుస్తకంలో రాస్తారు. వైశాల్యం, సగటు వాళ్లకు అక్కడే వస్తాయి. పండినదాంట్లో కొంత మడి లేని వితంతువుల ఇళ్లకు, యతీం పిల్లల వంటకు వెళ్లాలి.

2016 నుంచి రైతు సాధికార సంస్థ ద్వారా నడుస్తున్న ప్రకృతి వ్యవసాయ కార్యక్రమంలో మహిళా సంఘాల సభ్యులు మన రాష్ట్రంలో పెరటితోటలు పెంచుతున్నారు. దగ్గరి గ్రామంలో అలాంటి తోట ఉంటే ఈ కుటుంబాలను ఒకసారి తీసుకెళ్లి చూపించండి.

దాతలకు ఒక మనవి

మొక్కల పంపిణీకి, ప్రారంభోత్సవానికి విరాళం సులువుగా వస్తుంది. తోట ఎండేది ఏప్రిల్‌లో. అందుకే మీ సొమ్ములో ఎక్కువ భాగం తొట్టికి, పైపులకు, కంచెకు, ఏడాది మరమ్మతులకు కేటాయించండి. జకాత్‌కు నిర్ణయించిన హక్కుదారులున్నారు గనుక తోట ఖర్చు సదఖా నిధి నుంచే పెట్టడం మేలు. నాటిన మొక్కను పిట్ట తిన్నా పుణ్యమేనని మన దీన్ నేర్పింది. అయితే ఆ మొక్క ముందు బతకాలి. తోటకు చందా అడగడానికి వచ్చినవారిని నీటి లెక్క, ఆరు కుటుంబాల పేర్లు చూపించమని అడగండి. అవి రెండూ ఉంటే సంతోషంగా ఇవ్వండి.