పాలిచ్చే తల్లి – ప్రయాణం

మన ఇండ్లలో తొలికాన్పు పుట్టింట జరుగుట ఆచారం. ఈ విషయంలో మతభేదం అంతగా కానరాదు. కావున బిడ్డ చేసే మొట్టమొదటి దూరప్రయాణం చాలవరకు మూడవ నెలలోనో, ఐదవ నెలలోనో, అమ్మమ్మ ఇంటినుండి నాయనమ్మ ఇంటికి, ఉర్దూ మాట్లాడే ఇండ్లలోనైతే నానీ ఇంటినుండి దాదీ ఇంటికి, సాగుతుంది. సామాను సర్దే వేళ పెద్దలలో ఎవరో ఒకరు "బస్సులో అందరిముందు ఎట్లా పాలిస్తావమ్మా, పాలసీసా ఒకటి పెట్టుకో" అని చెప్పుట మనమందరం వినియున్నాము. ఆ మాట ప్రేమతో చెప్పినదే. ఐనను అందులో బిడ్డకు ఒక ప్రమాదం ఉన్నది. ఆ ప్రమాదానికి మూలం తల్లి సిగ్గు కాదనీ, ఆమె చుట్టూ కూర్చున్న మన చూపులనీ మేము తలుస్తున్నాము.

మొదట పాలసీసా సంగతి చూతము. పాలపొడి డబ్బా మూసి ఉన్నంత మాత్రాన సూక్ష్మజీవులు లేనిదని భావించరాదు. కనీసం 70 డిగ్రీల వేడి ఉన్న నీటితో దానిని కలిపి, చల్లార్చి, వెంటనే త్రాగించవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించినది. సీసాను, పీకను ప్రతిసారి కడిగి మరగబెట్టవలె. కర్నూలు నుండి హైదరాబాదుకు దాదాపు 210 కిలోమీటర్లు. బస్సులో నాలుగైదు గంటలు పట్టును. తొలిమాసాలలో బిడ్డ రోజుకు 8 నుండి 12 పర్యాయాలు పాలు త్రాగుతుంది గనుక ఆ దారిలో రెండు పర్యాయాలైనా పాలు కావలసివచ్చును. కదిలే బస్సులో మరిగిన నీరెక్కడిది? ఉదయం కలిపిన పాలు మధ్యాహ్నపు ఎండలో ఏమగునో వేరుగా చెప్పనక్కరలేదు. ఇంటికి చేరిన మరునాడు బిడ్డకు విరేచనాలు పట్టుకొనగా "ప్రయాణం పడలేదు" అందురు. పడనిది ప్రయాణం కాదు, పాలసీసా.

తల్లిపాలకు ఈ చిక్కులేవీ లేవు. వాటిలో నూటికి సుమారు 87 పాళ్ళు నీరే. కావున ఆరు నెలలు నిండని బిడ్డకు మండువేసవిలో సైతం విడిగా మంచినీరు పట్టనక్కరలేదు. నీరు త్రాగవలసినది తల్లి. దారిలో మరుగుదొడ్డి దొరకదన్న భయంతో మన స్త్రీలు ప్రయాణపు రోజున గుక్కెడు నీరైనా ముట్టరు. దానివలన ఆమెకు తలనొప్పి, నీరసం తప్పవు.

ఇక పాలు చేపుట గురించి కొంత వివరముగా చెప్పవలె. బిడ్డ నోరు తగులగానే, ఒక్కొక్కప్పుడు ఏడుపు వినగానే, తల్లి మెదడునుండి ఆక్సిటోసిన్ అను రసం వెలువడి పాలను చేపునకు తెచ్చును. భయం, సిగ్గు, కంగారు ఈ రసమును తాత్కాలికముగా అణచివేయును. ఎదుటి సీటువాడు తేరిపార చూస్తున్నప్పుడు పాలు చేపకపోవుట ఆమె బలహీనత కాదు, శరీరధర్మం. ఆమె బిడ్డను ఊరడించి పాలివ్వక గంటలు గడిపినచో రొమ్ములు గట్టిపడి, సలిపి, ఒక్కొక్కప్పుడు వాపు, జ్వరం వచ్చును. తరచుగా ఇట్లే మానినచో పాలు కూడ తగ్గిపోవును. "పాలు చాలడం లేదు" అన్న ఫిర్యాదుకు ఇదియు ఒక కారణం.

కిటికీ ప్రక్క సీటు తల్లికిచ్చి, ఇంటి స్త్రీ ఎవరైనా ప్రక్కన కూర్చున్నచో సగం కష్టం తీరును. పైట, దుపట్టా, బురఖా, ఏదైనను చాటుకు చాలును. బిడ్డ ముక్కుకు గాలి తగిలితే సరి. బిడ్డ తల నడిచే దారివైపు ఉండరాదు. కారులోనైతే ఆపి పాలివ్వవలెను గాని పరుగులో ఒడిలో పెట్టుకొనరాదు. విమానం ఎక్కేవారికి ఒక మాట: పైకి లేచునపుడు, దిగునపుడు పాలిచ్చినచో గుటక వేయుటవలన బిడ్డ చెవుల నొప్పి తగ్గును.

తమిళనాడులో 2015లో బస్టాండులలో పాలిచ్చు గదులు తెరచిరి. పాలిచ్చు గదుల విషయమై 2025 ఫిబ్రవరిలో తీర్పునిస్తూ సుప్రీంకోర్టు, బహిరంగ స్థలాలలో బిడ్డకు పాలిచ్చుటను తప్పుగా చూడరాదన్నది. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుండి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుండి స్త్రీలకు బస్సు ప్రయాణం ఉచితమైనది. టికెట్టు భారం తీరినది గాని, చంకలో బిడ్డతో బస్సు దిగిన తల్లికి కూర్చొనుటకు చోటు కావలసియున్నది. పాలిచ్చు గది తలుపుపై కొన్నిచోట్ల పాలసీసా బొమ్మ వేయుట మరియొక వింత! శిశువుల పాలడబ్బాల, పాలసీసాల ప్రకటనలను 1992 నాటి చట్టం నిషేధించినది గదా.

ఈ విషయం మన కళాశాలకు దూరమైనది కాదు. వివాహమైన పిదప చదువు విడువక, పసిబిడ్డతో పరీక్షలకు వచ్చే విద్యార్థినులు మనవంటి కళాశాలలలో ఉందురు. పరీక్ష మూడు గంటలు. వచ్చిపోవు ప్రయాణం కలిపిన ఐదారు గంటలు. అంతసేపు పాలివ్వని తల్లికి రొమ్ములు సలపగా చేతిలోని కలం ఎట్లు సాగును? బిడ్డనెత్తుకొని వచ్చిన అవ్వ గేటు బయట వేపచెట్టు క్రింద కూర్చొనును. ఈ ఇబ్బందికి జడిసి ఆ ఏడాది పరీక్ష మానుకొన్నచో, తరువాత మరల వ్రాయుట ఎందరికి సాధ్యం?

కావున కళాశాల సంఘమువారిని మేము కోరునది స్వల్పం. పరీక్షల రోజులలో హాలుకు దగ్గరగా ఒక ఖాళీ తరగతి గది. లోపల గడియ, కిటికీకి తెర, వీపు ఆనించు కుర్చీ, ఫంకా, త్రాగునీటి కుండ. బిడ్డతో వచ్చిన పెద్దావిడను లోనికి రానిచ్చి, గంట కొట్టుటకు ముందు, పరీక్ష ముగియగానే తల్లి పాలిచ్చుకొనుటకు వీలు కల్పించవలె. పరీక్షల తేదీలు వెలువడక మునుపే ఆ గది ఏదో నిర్ణయించి, గేటువద్ద కావలివానికి చెప్పియుంచిన చాలును.