కనిపించని నొప్పి – కొడవలి కణ వ్యాధిలో మనసు పాత్ర



మా ఇండ్లల్లో డిగ్రీ దాకా వచ్చింది మేమే మొదలు. చదువుకున్నామనే ధీమాతో చేసిన ఒక తప్పు గురించి ముందుగా చెప్పుకోవాలి. మేము డిగ్రీలో ఉన్నప్పుడు మా గదిలో పాడేరు ఏజెన్సీ నుంచి వచ్చిన ఒక తమ్ముడు ఉండేవాడు. ఉన్నట్టుండి కాళ్ళు, నడుము పట్టుకొని మంచంమీద ముడుచుకుపోయేవాడు. ఒంటిమీద దెబ్బ లేదు, గాయం లేదు. "ఏమప్పా, పరీక్షలనంగానే నొప్పులొచ్చెనా?" అని నవ్వినవాళ్ళలో మేమూ ఉన్నాం. అతనికి చిన్నప్పటి నుంచి సికిల్ సెల్ వ్యాధి ఉందని, చెబితే దూరం పెడతారని దాచాడని తర్వాత తెలిసింది. అప్పటి నుంచి ఈ విషయమై చదివి తెలుసుకున్నవి మీ ముందుంచుతున్నాం.

వ్యాధి అంటే ఏమిటి?

మన రక్తంలోని ఎర్రకణాలు గుండ్రంగా, మెత్తగా ఉంటాయి. ఈ వ్యాధిలో హిమోగ్లోబిన్ లోపం వల్ల అవి కొడవలిలా వంగి, గట్టిపడతాయి. సన్నని రక్తనాళాల్లో చిక్కుకొని రక్తాన్ని అడ్డుకుంటాయి. అక్కడ ప్రాణవాయువు అందక విపరీతమైన నొప్పి పుడుతుంది. మామూలు ఎర్రకణం సుమారు 120 రోజులు బ్రతికితే, కొడవలి కణం 10 నుంచి 20 రోజులే బ్రతుకుతుంది. అందుకే రక్తహీనత.

ఇది అంటువ్యాధి కాదు. కలిసి తిన్నా, ఒకే గదిలో పడుకున్నా రాదు. తల్లిదండ్రులిద్దరూ వాహకులైతే ప్రతి కాన్పులోనూ బిడ్డకు ఈ వ్యాధి వచ్చే అవకాశం 25 శాతం. 1910లో అమెరికాలో డాక్టర్ జేమ్స్ హెరిక్ దీనిని మొదట వైద్య పత్రికలో వర్ణించారు. మన దేశంలో 1952లో నీలగిరి గిరిజనులలో గుర్తించారు. తెలుగు నేలమీద ఏజెన్సీ ప్రాంతాల గిరిజనులలో ఎక్కువగా కనిపిస్తుంది.

మనసుకు, నొప్పికి సంబంధం

జొన్న కోతలో కొడవలి తగిలినా మన అమ్మలకు పని ఊపులో నొప్పి తెలియదు. ఇంటికొచ్చి కూర్చున్నాక సలుపుతుంది. గాయం అదే, నొప్పి ఎందుకు మారింది? 1965లో మెల్జాక్, వాల్ అనే శాస్త్రవేత్తలు దీనికి ఒక సిద్ధాంతం చెప్పారు. వెన్నుపాములో నొప్పి సంకేతాలకు ఒక తలుపు వంటి ఏర్పాటు ఉంటుంది. భయం, దిగులు ఆ తలుపును తెరుస్తాయి. ధైర్యం, ధ్యాస మళ్ళడం కొంతవరకు మూస్తాయి.

సికిల్ సెల్ ఉన్నవారిలో ఇంకొక సంగతి ఉంది. మానసిక ఒత్తిడి కలిగినప్పుడు సన్నని రక్తనాళాలు ముడుచుకొని రక్తప్రవాహం తగ్గుతుందని పరిశోధనల్లో తేలింది. నొప్పి వస్తుందేమోనన్న భయం కూడా ఆ పని చేయగలదు. మరి పరీక్షల ముందు నొప్పి రావడం నాటకమెలా అవుతుంది? "మనసు వల్ల పెరుగుతుంది" అంటే "లేని నొప్పి" అని అర్థం కాదు. నొప్పి రక్తనాళంలోనే పుడుతుంది. భయం, ఒంటరితనం, ఎవరూ నమ్మకపోవడం దానిని పెంచుతాయి. గోరుచుట్టు మీద రోకటిపోటు అన్నట్లు, నొప్పికి మన నవ్వు తోడవుతుంది.

హాస్టల్‌లో మనం చేయగలిగినవి

1. ఒంట్లో నీరు తగ్గితే కణాలు మరింత వంగుతాయి. మన అనంతపురం ఎండలు 40 డిగ్రీలు దాటుతాయి. బోరు ఎండిందని, వరుస పెద్దదని నీళ్ళు తాగకుండా ఉండే అలవాటు మనకుంది. అటువంటి మిత్రుని సీసా ముందుగా నింపుదాం.

2. చలి కూడా నొప్పిని రేపుతుంది. చలికాలం తెల్లవారుజామున ట్యాంకు నీళ్ళతో స్నానం చేయమని బలవంతపెట్టరాదు.

3. నొప్పి వచ్చినప్పుడు "నిజమేనా?" అని అడగవద్దు. "ఎక్కడ? ఎంత ఉంది?" అని అడగండి. పక్కన కూర్చొని నిదానంగా గాలి పీల్చి వదిలించండి, పాట పెట్టండి, మాట్లాడండి. ఇవి మందుకు తోడు మాత్రమే. డాక్టరు రాసిన మందు మానరాదు. నొప్పి దాడులను తగ్గించే హైడ్రాక్సీయూరియా అనే మందు ఉంది. దానిని డాక్టరు పర్యవేక్షణలోనే వాడాలి.

4. జ్వరం, ఛాతీ నొప్పి, ఆయాసం, కాలు చెయ్యి చచ్చుబడటం కనిపిస్తే తెల్లవారేదాకా ఆగకుండా వార్డెన్ సార్‌కు చెప్పి ఆసుపత్రికి తీసుకుపోవాలి.

5. దిగులు ఎక్కువై చదువు, తిండి మానేస్తే మానసిక వైద్యుణ్ణి చూడటం తప్పు కాదు. అది పిచ్చి అనుకోరాదు.

2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో ఈ వ్యాధిని కూడా చేర్చారు. 2047 నాటికి దీనిని నిర్మూలించే లక్ష్యంతో 2023 జూలై 1న జాతీయ మిషన్ మొదలైంది. అందులో 40 ఏళ్ళలోపు వారికి రక్తపరీక్షలు చేస్తున్నారు. ప్రభుత్వం చేసేది ప్రభుత్వం చేస్తుంది. రాత్రి రెండు గంటలకు గదిలో ఉండేది మాత్రం మనమే.

మేము క్షమాపణ అడిగిన రోజు ఆ తమ్ముడు ఒకే మాట అన్నాడు. "మందు నేను వేసుకుంటానన్నా. నొప్పి తగ్గేదాకా లైటు తీయకుండా ఎవరో ఒకరు మేలుకొని ఉంటే చాలు." ఆ తర్వాత మా గదిలో వంతులు వేసుకున్నాం. మీ గదిలోనూ అటువంటి మిత్రుడు ఉండవచ్చు. ఈ పత్రిక మూసేలోపు ఒకసారి ఆలోచించండి.