ప్యాడ్ ఒకటి పెంచితే మాడ్యూల్ కాలిపోతుందా?

ఎలక్ట్రానిక్ డ్రమ్స్‌కి అదనంగా ప్యాడ్‌లు తగిలించుకోవడం గురించి వచ్చిన ఉత్తరాల్లో కొన్నిటికి ఈసారి జవాబులు.

ప్రశ్న: మా అబ్బాయికి అలెసిస్ నైట్రో కిట్ ఉంది. పుట్టినరోజుకి ఇంకో క్రాష్ ప్యాడ్ కొన్నాం, తీరా చూస్తే అది వేరే కంపెనీది. పెడితే మాడ్యూల్ కాలిపోతుందేమోనని ఇంకా పెట్టె కూడా విప్పలేదు.
– ఒక తల్లి, కరీంనగర్

జవాబు: నిశ్చింతగా విప్పండమ్మా. ప్యాడ్ లోపల పీజో అనే పలుచటి బిళ్ల ఉంటుంది. పుల్ల తగిలినప్పుడు అది క్షణంపాటు కాస్త వోల్టేజీ పుట్టించి కేబుల్ గుండా మాడ్యూల్‌కి పంపుతుంది, అంతే. కంపెనీ వేరైతే శబ్దం మరీ చిన్నగానో మరీ పెద్దగానో రావచ్చు, సెన్సిటివిటీ మారిస్తే సర్దుకుంటుంది. నైట్రో మాడ్యూల్‌కి క్రాష్ 2 అని విడిగా ఒక జాక్ ఉంది, అందులో పెట్టండి. మీరు జాగ్రత్త పడాల్సింది అడాప్టర్ విషయంలో. ఇంట్లో ఏదో దొరికింది కదా అని పెట్టేయకుండా, వోల్టులూ ప్లస్ మైనస్ గుర్తూ మాడ్యూల్ మీద రాసినట్టే ఉన్నాయో లేదో చూసుకోండి. నిజంగా మాడ్యూల్‌కి ప్రాణం మీదికి వచ్చేది అక్కడే.

ప్రశ్న: నాది రోలాండ్ టీడీ-17. అన్ని ప్యాడ్‌లూ ఒకే లావుపాటి కేబుల్‌లోంచి వస్తాయి. ఇంకో ప్యాడ్‌కి చోటుందేమో చూద్దామని దాన్ని ఊడదీసి మళ్లీ పెట్టేటప్పుడు ఒక పిన్ను వంగింది. కిట్ మొత్తం పోయినట్టేనా?
– ఒక విద్యార్థి, గుంటూరు

జవాబు: పోలేదు బాబూ. ఆ కనెక్టర్‌లో 25 పిన్నులుంటాయి, ఒక పిన్ను దెబ్బతింటే సాధారణంగా ఒక ప్యాడ్‌లో ఒక భాగం మాత్రమే మూగబోతుంది. పవర్ తీసేసి, సన్నటి పట్టకారుతో ఒకే ఒక్కసారి, నెమ్మదిగా నిలబెట్టు. అటూ ఇటూ వంచావంటే విరుగుతుంది. వంగింది కేబుల్ వైపు పిన్ను అయితే కేబుల్ మారిస్తే సరిపోతుంది, మాడ్యూల్ వైపుదైతే మాత్రం సొంతంగా ముట్టుకోక మెకానిక్‌కి చూపించు. ఇక నువ్వు వెతుకుతున్న చోటు ఆ కేబుల్‌లో లేదు. ఆక్స్ అనీ, క్రాష్ 2 అనీ రెండు జాక్‌లు విడిగా ఉన్నాయి చూడు.

ప్రశ్న: ఆర్కెస్ట్రాలో ఎస్‌పీడీ-ఎస్‌ఎక్స్ వాయిస్తాను. బయటి నుంచి ఒక కిక్ ప్యాడ్, ఇంకో మామూలు ప్యాడ్ కలపాలని షాపులో వై కేబుల్ కొన్నాను. రెండిట్లో దేన్ని కొట్టినా ఒకే సౌండ్ వస్తోంది. పెళ్లిళ్ల సీజన్ దగ్గరికొచ్చింది, భయంగా ఉంది.
– ఒక వాద్యకారుడు, విజయనగరం

జవాబు: మీ ప్యాడ్‌లూ బాగున్నాయి, మెషీనూ బాగుంది; కేబుల్ ఒక్కటే తేడా. మెషీన్‌లో పెట్టే పిన్నుని వెలుతురులో పట్టుకుని చూడండి. నల్ల గీత ఒక్కటే ఉంటే అది మోనో, రెండు గీతలుంటే స్టీరియో. మీకు కావలసింది ఒక చివర స్టీరియో పిన్ను, రెండో చివర రెండు మోనో పిన్నులు ఉన్నది. మిక్సర్ల దగ్గర పనిచేసేవాళ్లు ఇన్‌సర్ట్ కేబుల్ అంటారు, ఆ పేరు చెప్పి అడగండి. ఎస్‌పీడీ-ఎస్‌ఎక్స్‌లో ట్రిగర్ ఇన్ 1/2, 3/4 అని రెండు జాక్‌లున్నాయి. ఒక్కో జాక్‌లో పిన్ను కొసన ఉన్న భాగం మొదటి ప్యాడ్‌ది, మధ్య రింగు రెండో ప్యాడ్‌ది. ఆ లెక్కన రెండు జాక్‌లకి నాలుగు ప్యాడ్‌లు కలుపుకోవచ్చు. మీకు దొరికిన కేబుల్ ఆ రెండిటినీ ఒకటిగా కలిపేస్తోంది, అందుకే ఒకే సౌండ్.

ఇదే చిట్కా మీ స్నేహితుల కిట్ మీద ప్రయత్నించే ముందు ఒక మాట. కొన్ని మాడ్యూళ్లలో రెండో భాగం పీజో కోసం కాక, రిమ్ నొక్కితే కలిసే స్విచ్ కోసం పెట్టి ఉంటుంది. అలాంటి చోట రెండో ప్యాడ్ పలకదు, పలికినా మెల్లగా కొట్టినా గట్టిగా కొట్టినా సరిగా తేడా చూపదు. దానివల్ల ఏదీ చెడిపోదు, కేబుల్ డబ్బులు మాత్రం దండగ. మాన్యువల్‌లో ఆ జాక్‌కి ఏ రకం ప్యాడ్ అని రాశారో చూసి కొనండి.

ప్రశ్న: కొత్త టామ్ ప్యాడ్ ర్యాక్‌కి బిగించిన దగ్గర్నుంచీ స్నేర్ గట్టిగా కొడితే టామ్ కూడా మోగుతోంది. ఇంట్లోవాళ్లు నన్నే అనుమానంగా చూస్తున్నారు, ఏం పాడుచేశావని.
– ఒక ఉద్యోగి, కూకట్‌పల్లి

జవాబు: మీరేమీ పాడుచేయలేదు. పక్క పోర్షన్‌లో తలుపు ధడాలున వేస్తే మన గోడకున్న పటం అదిరినట్టే, స్నేర్ దెబ్బ ర్యాక్ గొట్టం వెంట పాకి టామ్‌లోని పీజోని కదిలిస్తోంది. దీన్ని క్రాస్‌టాక్ అంటారు, ప్యాడ్‌లు పెరిగేకొద్దీ ఎవరికైనా వచ్చేదే.

ముందు సెట్టింగుల జోలికి పోకండి. కొత్త ప్యాడ్‌ని విడి స్టాండ్ మీద పెట్టి ఒకసారి కొట్టి చూడండి. సగం కేసులు అక్కడే తీరిపోతాయని నా అనుభవం. స్టాండ్‌కి చోటు లేకపోతే క్లాంపుకీ గొట్టానికీ మధ్య పాత సైకిల్ ట్యూబు ముక్క చుట్టి బిగించండి. అప్పటికీ మోగితే కొత్త ప్యాడ్ థ్రెషోల్డ్ ఒక్కో అంకె పెంచుతూ పోండి, మీరు మెల్లగా వేసే దెబ్బలు వినపడటం మానేసే ముందే ఆగండి. క్రాస్‌టాక్ క్యాన్సిల్ అనే సెట్టింగ్‌ని చివరికి అట్టిపెట్టుకోండి. దాన్ని ఎక్కువ పెంచితే రెండు ప్యాడ్‌లు ఒకేసారి కొట్టినప్పుడు మెల్లగా తగిలినదాన్ని మాడ్యూల్ మింగేస్తుంది. ఎవరూ కొట్టకుండానే ప్యాడ్ మోగుతుంటే మాత్రం అది వేరే సంగతి. కేబుల్‌లోనో జాక్‌లోనో లూజు ఉంది, చూపించండి.

ప్రశ్న: కోఠీలో పీజో బిళ్లలు కొని మా వాడు ప్లాస్టిక్ డబ్బా మూతతో ప్యాడ్ చేశాడు. మోగుతోంది గానీ ఒక్క దెబ్బకి రెండు మూడు సార్లు మోగుతోంది. దీనివల్ల ఖరీదైన మాడ్యూల్‌కి హాని ఉందా?
– ఒక తండ్రి, నల్గొండ

జవాబు: హాని లేదండీ, మీవాడు మంచి పని చేశాడు. మూత ఒక్క దెబ్బకి చాలాసేపు అదురుతుంది, ప్రతి అదురునీ మాడ్యూల్ కొత్త దెబ్బ అనుకుంటోంది. బిళ్లకి రెండు వైపులా నురుగు స్పాంజి పెట్టి, కొట్టే చోట రబ్బరు షీటు అంటించమనండి. మిగిలింది రీట్రిగర్ క్యాన్సిల్, మాస్క్ టైమ్ సెట్టింగులు చూసుకుంటాయి. మాస్క్ టైమ్ మరీ పెంచితే వేగంగా వేసే రోల్స్‌లో దెబ్బలు ఎగిరిపోతాయి, కాబట్టి కొద్దికొద్దిగానే పెంచాలి. పుల్ల మటుకు నేరుగా బిళ్ల మీద పడకూడదు, దాని మీది పింగాణీ పూత చిట్లిపోతుంది.

ప్రశ్న: అదే పీజోని ఆర్డుయినో ఊనోకి కలిపి సొంతంగా ట్రిగర్ బాక్సు చేసుకోవాలని ఉంది. బోర్డు పోతుందని స్నేహితులు భయపెడుతున్నారు.
– ఇంజినీరింగ్ విద్యార్థిని, కాకినాడ

జవాబు: ఈ భయంలో కొంత నిజముందమ్మా, కానీ దానికి విరుగుడు చవకే. గట్టి దెబ్బకి పీజో పదుల వోల్టులు పుట్టించగలదు, ఊనో పిన్ను తట్టుకునేది 5 వోల్టులే. పీజోకి అడ్డంగా ఒక మెగోమ్ రెసిస్టరూ, 5.1 వోల్టుల జీనర్ డయోడూ కలిపాకే బోర్డుకి తగిలించు. ఊనోలో అనలాగ్ పిన్నులు 6, అంటే మొదటి ప్రయత్నానికి 6 ప్యాడ్‌లు. చాలినన్ని!

ప్రశ్న: మాడ్యూల్‌లో జాక్‌లన్నీ నిండిపోయాయి. విడి ట్రిగర్ బాక్సు కొని, దాని యూఎస్‌బీని మాడ్యూల్ యూఎస్‌బీకి కలిపితే ఉలుకూ పలుకూ లేదు. మోసపోయానా?
– ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: మోసం కాదు. ఆ రెండూ కంప్యూటర్‌కి తగిలించడానికి చేసినవే, మధ్యలో కంప్యూటర్ లేనిదే ఒకదానితో ఒకటి మాట్లాడుకోవు. మాడ్యూల్‌కి 5 పిన్నుల గుండ్రటి మిడి ఇన్ ఉంటే బాక్సు మిడి ఔట్‌ని అందులో పెట్టండి. తర్వాత ప్రతి ప్యాడ్‌కీ నోట్ నంబరు ఇవ్వాలి. చాలా మాడ్యూళ్లు పాటించే జనరల్ మిడి పద్ధతిలో కిక్ 36, స్నేర్ 38, రెండో క్రాష్ 57, ఛానల్ 10. ఒక ప్యాడ్ కొడితే ఇంకో శబ్దం వస్తే కంగారు పడకండి, నంబరు తేడా, అంతే. గుండ్రటి మిడి ఇన్ లేకపోతే ల్యాప్‌టాప్ తప్పదు.

ప్రశ్న: మా చర్చిలో అలాగే ల్యాప్‌టాప్ పెట్టి వాయిస్తున్నాను. కొట్టాక శబ్దం ఆలస్యంగా వస్తోంది, పాటకి వెనకబడుతున్నానని అందరూ అంటున్నారు. నా చెయ్యే మందగించిందా?
– ఒక డ్రమ్మర్, ఏలూరు

జవాబు: మీ చెయ్యి మందగించలేదు, ఆలస్యం ల్యాప్‌టాప్‌ది. సౌండ్ సెట్టింగుల్లో బఫర్ సైజు చూడండి; 44.1 కిలోహెర్ట్జ్ దగ్గర 1024 ఉంటే అదొక్కటే సుమారు 23 మిల్లీసెకన్లు తినేస్తుంది, 128కి తగ్గిస్తే 3 లోపే. తగ్గించాక చిటపటలు వినిపిస్తే 256 పెట్టుకోండి. విండోస్ అయితే ఆడియో ఇంటర్‌ఫేస్‌తో వచ్చిన ఆసియో డ్రైవర్ వాడండి. బ్లూటూత్ హెడ్‌ఫోన్‌తో మాత్రం వాయించకండి, దాని ఆలస్యం ఏ సెట్టింగుకీ లొంగదు.

ప్రశ్న: ఖాళీగా ఉన్న టామ్ జాక్‌లో రెండో హై-హ్యాట్ పెడల్ పెట్టాను. చప్పుడే లేదు.
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: పెడల్ బాగానే ఉండి ఉంటుంది. ట్రిగర్ జాక్ దెబ్బ కోసం చూస్తుంది, హై-హ్యాట్ పెడల్ చెప్పేది కాలు ఎంత కిందికి నొక్కారన్నది. దాన్ని హై-హ్యాట్ కంట్రోల్ అని రాసిన జాక్‌లోనే పెట్టాలి. అక్కడ కూడా పలకకపోతే అప్పుడు పెడల్‌ని షాపుకి తీసుకెళ్లండి.