అచ్చు కంటే ముందు నమూనా

ప్లాస్టిక్ మగ్గు చేయాలంటే ఉక్కు అచ్చు కావాలి. దానికి చాలా డబ్బు అవుతుంది. అచ్చు చేయించాక తప్పు బయటపడితే? ఆ డబ్బంతా దండగే. అందుకని ముందు ఒక్క నమూనా చేసి చూస్తారు.

1983లో అమెరికాలో చక్ హల్ అనే ఇంజనీరు అచ్చు లేకుండా ఒక చిన్న గిన్నె చేశాడు. కళ్లు కడుక్కునే గిన్నె అది. అట్టు మీద అట్టు పేర్చినట్టు పొర మీద పొర వేసి చేశాడు. అలాంటి యంత్రాన్ని ఇప్పుడు త్రీడీ ప్రింటర్ అంటున్నారు.

యంత్రానికి సొంత తెలివి లేదు. కంప్యూటరులో బొమ్మ ఎలా ఉంటే వస్తువు అలా వస్తుంది. అందుకే బొమ్మను ముందు సరిచూడాలి.

బొమ్మ పైభాగాన్ని మూడు మూలల చిన్న ముక్కలుగా మారుస్తారు. ముక్కలు మరీ పెద్దవైతే గుండ్రని మగ్గు పలకలు పలకలుగా వస్తుంది. ముక్కల మధ్య ఎక్కడా సందు ఉండకూడదు. సందు ఉంటే ఏది లోపలో, ఏది బయటో యంత్రం పోల్చుకోలేదు. గోడ మరీ పల్చగా ఉన్నా మగ్గు నిలవదు.

కొలతతో ఇంకో చిక్కు. ఎస్.టి.ఎల్. అనే ఫైలులో అంకెలే ఉంటాయి. అవి అంగుళాలో, మిల్లీమీటర్లో ఉండదు. 4 అంగుళాల మగ్గును 4 మిల్లీమీటర్లు అనుకుంటే కందిగింజంత మగ్గు వస్తుంది!

మగ్గు పిడి గాలిలోకి ఉంటుంది. గాలిలో పొర ఆగదు. పందిరికి గుంజలు పెట్టినట్టు పిడి కింద సన్నని ఊతలు పెడతారు. పని అయ్యాక విరిచేస్తారు.

ఒక్క మగ్గుకే గంటలు పడుతుంది. వచ్చాక చేత్తో పట్టుకు చూస్తారు. పిడిలో వేళ్లు పట్టలేదనుకోండి, కంప్యూటరులో బొమ్మ మారుస్తారు. ఉక్కు అచ్చు ఇంకా చేయించలేదు కదా!