ప్లానులోనే కరెంటు లెక్క

జనక్‌పురి జిల్లా కేంద్రంలో ఒక కార్యాలయ భవనం కట్టబోతున్నారనుకుందాం. పడమటి గోడ నిండా అద్దాలే. మే నెల ఎండలో ఆ గదులు చల్లబడాలంటే ఎంత కరెంటు కావాలి? కట్టాక గోడ మార్చడం కష్టం. అందుకే ప్లాను దశలోనే లెక్క చూడాలి.

వాణిజ్య భవనాల ఇంధన పొదుపు నియమావళిని మన దేశంలో 2007లో విడుదల చేశారు, 2017లో సవరించారు. 2017 నియమావళిలోని నిర్దేశిత పద్ధతి ప్రకారం, బయటి గోడల వైశాల్యంలో అద్దాలు 40 శాతం మించరాదు.

ఉదాహరణ: గోడల వైశాల్యం 1000 చదరపు మీటర్లు, అందులో అద్దాలు 450.
450 ÷ 1000 × 100 = 45 శాతం. పరిమితి దాటింది.

అప్పుడు రెండో పద్ధతి ఉంది. సాఫ్ట్‌వేరు అదే ఆకారంలో, నియమాలకు సరిపోయే ప్రామాణిక భవనాన్ని ఊహిస్తుంది. ఢిల్లీ వాతావరణాన్ని బట్టి రెండు భవనాల ఏడాది విద్యుత్ వాడకాన్ని పోలుస్తుంది. మన భవనం వాడకం ఎక్కువ కాకూడదు. అద్దం వల్ల పెరిగిన వాడకాన్ని మేలైన దీపాలు, ఏసీలతో తగ్గించుకోవచ్చు. తప్పనిసరి నియమాలను మాత్రం పాటించాల్సిందే.

గమనిక: సాఫ్ట్‌వేరు మనమిచ్చిన అంకెలనే నమ్ముతుంది. ప్లానులో మంచి అద్దం రాసి, గోడకు చౌక అద్దం బిగిస్తే లెక్క సరిగానే ఉంటుంది. బిల్లు మాత్రం పెరుగుతుంది. కాబట్టి అద్దం బిగించేవారు కూడా ప్లాను చూసి సరిపోల్చుకోవాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి
1. గోడలు 800 చదరపు మీటర్లు, అద్దాలు 300. పరిమితిలో ఉన్నాయా?
2. సాఫ్ట్‌వేరు 'సరి' అన్నాక కూడా కట్టడం దగ్గర తనిఖీ ఎందుకు?

జవాబులు: 1. ఉన్నాయి, 37.5 శాతం. 2. సాఫ్ట్‌వేరు చూసేది అంకెలను, బిగించిన అద్దాన్ని కాదు.