పెరట్లో మంట – 30 రోజుల సవాలు

ఉదయం ఆరు గంటలకు మన వీధుల్లో ఒకసారి నడిచి చూడండి. వాకిళ్ళు ఊడ్చిన తరువాత ఇంటింటి ముందు ఒక చిన్న కుప్ప, దానికి ఒక అగ్గిపుల్ల. రాలిన ఆకులు, పాల ప్యాకెట్లు, చిరిగిన కవర్లు, మందుబిళ్ళల అట్టలు అన్నీ కలిసి కాలుతుంటాయి. చలికాలంలో ఆ పొగ పైకి పోదు. గాలి కదలక నేలను అంటిపెట్టుకుని, కిటికీల్లోంచి మన ఇళ్ళలోకే తిరిగి వస్తుంది.

ఓ.పి.కి ఆయాసంతో వచ్చేవారికి "పొగకు దూరంగా ఉండండి" అని రోజూ చెప్పేదాన్ని నేను. అయినా ఒక సంగతి ఒప్పుకోవాలి. మొన్న మొన్నటి వరకు మా పెరట్లోనూ మంట ఉండేది. వేసేది నేనే. ఒక ఉదయం మా అత్తగారు వరండాలో కూర్చుని ఇన్‌హేలర్ పీల్చుకుంటూ, "ఎవరో చెత్త తగలెడుతున్నట్టున్నారు, ఆ కిటికీ వెయ్యమ్మా" అన్నారు. వెళ్ళి కిటికీ వేశాను. ఆ చెత్త మనదే అని మాత్రం చెప్పలేకపోయాను.

ఈ పొగలో ఏముంది? ఆకులు, కాగితాలు కాలినా సన్నని నుసి లేస్తుంది. అందులో 2.5 మైక్రాన్ల లోపు రేణువులు తల వెంట్రుక మందంలో సుమారు 30వ వంతు మాత్రమే ఉంటాయి. ముక్కులోని వెంట్రుకలు వాటిని ఆపలేవు. అవి ఊపిరితిత్తుల చివరి గదుల వరకు వెళ్ళి వాపు తెస్తాయి. ఉబ్బసం ఉన్నవారికి, పసిపిల్లలకు, గర్భిణీ స్త్రీలకు, గుండె జబ్బు ఉన్నవారికి ఇది మరింత హాని.

ప్లాస్టిక్ కలిస్తే సంగతి ఇంకా చెడుతుంది. మందుబిళ్ళల అట్టలో పారదర్శకంగా ఉండే భాగం చాలావరకు పి.వి.సి. అనే ప్లాస్టిక్. దానిలో క్లోరిన్ ఉంటుంది. చిన్న మంటలో అది సరిగా కాలక, డయాక్సిన్లు అనే విషపదార్థాలు పుడతాయి. ఆసుపత్రి వ్యర్థాలను కాల్చే యంత్రాల రెండవ గదిలో 1050 డిగ్రీల దాకా వేడి ఉంచేది ఇందుకే. మన పెరటి మంటకు ఆ వేడి ఎక్కడిది? ఆ విషం గడ్డి మీద, మట్టి మీద పడి, మేసే గేదె పాలలోకి, పెరట్లో తిరిగే కోడి గుడ్డులోకి చేరగలదు. మన శరీరపు కొవ్వులో చేరిందంటే ఏళ్ళ తరబడి ఉండిపోతుంది.

2011లో ఆస్ట్రేలియా పశ్చిమ ప్రాంతంలో రెబెక్కా ప్రిన్స్-రూయిజ్ అనే ఆమె, మరికొందరు కలిసి జూలై నెలంతా ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ మానుకోవాలని మొదలుపెట్టారు. ఆ కొద్దిమంది చేసిన పనిని తరువాత ఎన్నో దేశాలవారు అనుసరించారు. అందులో నాకు నచ్చింది ఒక్కటే: ఒక నెల, ఒకే నియమం. పది మంచి అలవాట్లు ఒక్కసారే మొదలుపెట్టిన వాళ్ళను చాలామందిని చూశాను. వారం తిరక్కుండానే అన్నీ మానేస్తారు. అందుకని నా నియమం ఇలా పెట్టుకున్నాను: 30 రోజులు మా ఇంటి చెత్తలో ఏదీ కాలకూడదు.

మొదటి వారం క్యాలెండరు పక్కన ఒక నోటుపుస్తకం వేలాడదీసి, ఇంట్లోకి వచ్చిన ప్రతి ప్లాస్టిక్‌ను లెక్క రాశాను. 31 క్యారీ కవర్లు, 14 పాల ప్యాకెట్లు, 4 మందుబిళ్ళల అట్టలు. కాల్చకపోతే ఇవన్నీ ఎక్కడ పెట్టాలి? ఆ ప్రశ్నతోనే సంచి పట్టుకుని బజారుకు వెళ్ళడం అలవాటైంది. మన దేశంలో 2022 డిసెంబరు 31 నుండి 120 మైక్రాన్లకన్నా పలుచని క్యారీ కవర్లు నిషేధం. అయినా సంతలో అడగకుండానే చేతిలో పెడుతున్నారు. మనమే వద్దనాలి. చేపలకు మూత ఉన్న స్టీలు డబ్బా, టీకి ఫ్లాస్కు తీసుకువెళ్తే చాలు. వేడి వేడి టీ పలుచని కవరులో పోయించుకుని తెచ్చుకోవడం ఆరోగ్యానికి కూడా మంచిది కాదు.

కూరగాయల తొక్కలకు, రాలిన ఆకులకు ఒక పాత మట్టికుండ చాలింది. చుట్టూ రంధ్రాలు చేయించి, అడుగున కొబ్బరిపీచు పరిచి, గుప్పెడు తొక్కలు వేసినప్పుడల్లా రెండు గుప్పెళ్ళ ఎండుటాకులు వేశాను. వారానికి రెండుసార్లు కర్రతో కలపాలి. వాసన వచ్చిందంటే తడి ఎక్కువైందన్నమాట, ఇంకొన్ని ఎండుటాకులు వేయండి. చేపముళ్ళు, మాంసం వేయకండి, ఎలుకలు వస్తాయి. రెండు మూడు నెలల్లో నల్లని ఎరువు అవుతుంది. పాల ప్యాకెట్లు కడిగి ఆరబెట్టి పాతసామాన్ల అతనికి ఇచ్చాను. ప్యాకెట్టు కత్తిరించేటప్పుడు మూలముక్క ఊడకుండా చూడండి. ఆ చిన్న ముక్కలే కాలువల్లోకి పోతాయి.

నేను తప్పలేదా? తప్పాను. తొమ్మిదో రోజు వానలో చేపలు కవరులోనే తెచ్చాను. పన్నెండో రోజు మావారు పాత అలవాటుకొద్దీ ఆకుల కుప్పకు నిప్పు పెట్టేశారు, సగం కాలాక బకెట్టుతో నీళ్ళు పోశాను. 2009లో లండన్ యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు ప్రకటించిన ఒక పరిశీలనలో, కొత్త అలవాటు తనంతట తాను జరిగే స్థితికి రావడానికి సగటున 66 రోజులు పట్టింది. కొందరికి 18 రోజులే, కొందరికి ఇంకా చాలా ఎక్కువ. మధ్యలో ఒక రోజు తప్పినంత మాత్రాన నష్టమేమీ కనబడలేదట. కాబట్టి తప్పిన రోజును నోటుపుస్తకంలో రాసి, మరునాడు మళ్ళీ కొనసాగించండి. నా 30 రోజులు కూడా అలాగే 66 అయ్యాయి.

పక్కింటి పిన్నిగారు గోడ మీదుగా చూసి, "ఏమ్మాయ్, ఆకులు కుండలో దాచుకుంటున్నావా, నిధి అనుకున్నావా?" అని నవ్వారు. భోగికి ముందు ఆవిడతోనే మాట్లాడాను. "పిన్నిగారూ, భోగి మంటలో పాత టైరు వేయకండి, మా అత్తగారు తట్టుకోలేరు" అన్నాను. ఆ ఏడు టైరు వేయలేదు. పిడకలు, కట్టెలు మాత్రం వేశారు. ఆ పూట కిటికీలు మూసి అత్తగారిని లోపలి గదిలో ఉంచాను.

మా అత్తగారికి ఉబ్బసం తగ్గిపోయిందని చెప్పను. ఇన్‌హేలరు వాడుతూనే ఉన్నారు, డాక్టరుగారు చెప్పనిదే మానకూడదు కూడా. ఉదయం వరండాలో కూర్చోగలుగుతున్నారు, అంతే.

ఇంట్లో ఇన్సులిన్ వేసుకునేవారు సూదులను చెత్తలో వేయకండి, కాల్చకండి. మందపాటి ప్లాస్టిక్ సీసాలో వేసి బిగుతుగా మూతపెట్టి, ఎక్కడ ఇవ్వాలో మీ ఆసుపత్రి సిస్టరును అడగండి. మందుబిళ్ళల అట్టలను మా వీధికి వచ్చే పాతసామాన్ల అతను తీసుకోనన్నాడు. అవి మా అటక మీద ఒక బిస్కెట్ డబ్బాలో ఉన్నాయి. డబ్బా నిండబోతోంది. పొడి చెత్తతో పాటు బండిలో వేయవచ్చా అని ఈ వారం మున్సిపాలిటీ మేస్త్రిని అడగాలి.